గడప లెక్క: సింగ్‌నగర్‌లో నీటి కొలతల డైరీ

బుడమేరు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్ మునిగిన 2024 సెప్టెంబర్ 1న ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే: "మీ వైపు ఎంత వచ్చింది?" మేం చెప్పిన జవాబులూ ఒకటే రకం: మోకాలి లోతు, నడుం లోతు. ఎవరి మోకాలు, ఎవరి నడుం? మా పక్క పోర్షన్ పిన్నికి నడుం దాకా వచ్చిన నీళ్లు మేస్త్రీ బాబాయికి తొడల దగ్గరే ఆగాయి. ఇద్దరూ ఒకే గుమ్మంలో నిలబడి ఇద్దరికి రెండు కబుర్లు చెప్పారు. వీధిలో నీటి ఎత్తులు కొలిచే ఈ పని మొదలవడానికి కారణం అదే, అంతకంటే చెప్పేదేం లేదు.

నాకు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే షాపు ఉంది. నాతో మేస్త్రీ బాబాయి, పిన్ని, పదో తరగతి చదివే మా అమ్మాయి, వీధిలో ఇంకో ఐదుగురు. మీ వీధిలో ఇలాంటిది చేయాలనుకుంటే పనికొస్తుందని మేం చెడగొట్టిన పనులన్నీ దాచకుండా రాస్తున్నాను.

దశ 1: గోడల మీద గీతలు (అక్టోబర్ 2024)

దీపావళికి సున్నాలు వేసేలోపు గోడల మీద నీటి గీతలు కొలవాలి. ఆ గడువే మమ్మల్ని తొందరపెట్టింది, ఆ తొందరే పని పాడుచేసింది.

మొదటి వారం 23 ఇళ్లకు వెళ్లి, నేల నుంచి గీత దాకా టేపు పెట్టి రాసుకున్నాం. ఇంటికొచ్చి చూస్తే అర్థమైంది, ఆ అంకెలతో ఏం చేయలేమని. ఒకరి నేల ఎత్తు, ఇంకొకరిది పల్లం. నేలే సమానంగా లేనప్పుడు నేల నుంచి కొలిచి లాభం ఏముంది?

ఫోన్లో ఎత్తు చూపించే యాప్ వాడదామని అమ్మాయి అంది. ఒకే గుమ్మంలో పది నిమిషాల తేడాతో 14 మీటర్లు ఒకసారి, 31 మీటర్లు ఇంకోసారి చూపించింది. మరో యాప్ అయితే మైనస్ అరవై చూపించింది! ఆ యాప్ తప్పు లేదట. శాటిలైట్ లెక్క భూమిని నున్నటి కోడిగుడ్డు ఆకారంలా ఊహించుకుంటుంది, దక్షిణ భారతంలో సముద్ర మట్టం ఆ ఊహకు పదుల మీటర్ల కిందనే ఉంటుంది. ఏదైతేనేం, సెంటీమీటర్ల పనికి ఫోన్ పనికిరాదు.

చివరికి దారి చూపింది బాబాయి లెవెల్ పైపు. పునాది వేసేటప్పుడు మేస్త్రీలు వాడే పారదర్శకమైన సన్న పైపు అది. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. రసమట్టం (గాజు గొట్టంలో బుడగ ఉండే మట్టపు బద్ద) నాలుగడుగుల పలక మీద పనిచేస్తుంది గానీ, వీధి పొడవునా ఎత్తు మోసుకుపోవాలంటే పైపే కావాలి.

కల్వర్టు పిట్టగోడకి ఒక స్టీలు మేకు కొట్టి, దానికి 500 (సెంటీమీటర్లు) అని పేరు పెట్టాం. మొదట సున్నా అనే పెట్టాం. అయితే మేకు కంటే కిందున్న గడపలన్నీ మైనస్‌లోకి వెళ్లాయి, పుస్తకంలోంచి వాట్సాప్‌లోకి రాసేటప్పుడు ఆ మైనస్ గుర్తులు ఎగిరిపోయాయి. నాలుగు ఇళ్లు రాత్రికి రాత్రి అర మీటరు పైకి లేచాయి. అందుకే 500. ఇక మా వీధిలో ఎవరికీ మైనస్ ఉండదు.

మేకు దగ్గర మొదలుపెట్టి వీధంతా తిరిగి, వెనక సందులోంచి మళ్లీ మేకు దగ్గరికే వస్తే 500 రావాలి. మొదటిసారి 511 వచ్చింది. రెండోసారి 504. తప్పులు ఎక్కడున్నాయంటే:

1. పైపు మధ్యలో బుడగ. రెండంగుళాల బుడగ కూడా మట్టాన్ని తప్పిస్తుంది. నీళ్లు నింపాక పైపంతా నేల మీద పరిచి, వేలితో కొడుతూ బుడగల్ని కొస దాకా నడిపించాలి.
2. నడిచేటప్పుడు నీళ్లు ఒలకకుండా కొసలకు బొటనవేలు అడ్డం పెడతాం. కొలిచేటప్పుడు ఒకరు తీశారు, ఒకరు తీయలేదు. మూసిన కొసలో గాలి నీళ్లని దిగనివ్వదు. "వేలు తీశావా?" అని అడగడం మా ఆనవాయితీ అయిపోయింది.
3. ఎండ. పైపు సగం నీడలో, సగం ఎండలో ఉంటే వేడెక్కిన వైపు నీళ్లు తేలికై కాస్త పైకి నిలుస్తాయి. తేడా చిన్నదే, కానీ ఇరవైసార్లు పోగైతే కనిపిస్తుంది. ఉదయం ఏడులోపే పని ముగించాం.
4. నీళ్లలో నాలుగు చుక్కల నీలిమందు వేయండి. లేకపోతే మట్టం కనపడక ఎవరి కళ్లకు తోచింది వాళ్లు చెబుతారు.

మూడోసారి 501.2 వచ్చింది. సుమారు 420 మీటర్ల చుట్టులో 1.2 సెంటీమీటర్లు. అంతకంటే బాగా మాకు రాలేదు, అక్కర్లేదు కూడా.

ఇక గీతల సంగతి. నిలిచిన నీళ్లు చదునుగా ఉంటాయి కాబట్టి మేకు లెక్కలో అన్ని ఇళ్ల గీతలూ దాదాపు ఒకే అంకె చూపించాలి. మాకు పై గీతకీ కింది గీతకీ మధ్య 34 సెంటీమీటర్ల తేడా వచ్చింది. పైపు సరిగ్గా ఉంది, మరి తప్పు గీతల్లోనే. రెండు రోజులు గోడలే చూస్తూ తిరిగాక తేలింది: కొట్టొచ్చినట్టు కనపడే నల్ల గీత నీళ్లు అతి ఎత్తుకు ఎక్కిన గీత కాదు, ఎక్కువ రోజులు నిలిచిన గీత. అసలు గీత దానికి జానెడు పైన, సన్నగా, లేత గోధుమ రంగులో ఉంటుంది. దానికీ పైన ఇంకో మరక ఉంటుంది. అది గోడ పీల్చుకున్న చెమ్మ, దాన్ని కొలవకూడదు. వీధివైపు గోడలు అసలే వద్దు. ట్రాక్టర్లు, పడవలు తిరిగినప్పుడు లేచిన అలలు అక్కడ ఇష్టమొచ్చిన ఎత్తుకి బురద చల్లాయి.

లోపలి గదుల్లో, బీరువా తలుపు లోపలివైపు, గోడకు తగిలించిన ఫోటోల అద్దం వెనక గీతలు మాత్రం నమ్మదగ్గవి. పిన్ని వాళ్ల పెళ్లి ఫోటోలో నీటి గీత సరిగ్గా ఆవిడ భర్త మీసం మీద ఉంది. మా వీధికి అదే అన్నిటికంటే శుభ్రమైన కొలత: 631.

మళ్లీ 23 ఇళ్లు తిరిగాం. ఐదు ఇళ్లకు అప్పటికే సున్నం పడింది. మిగతా 18లో తేడా 9 సెంటీమీటర్లకు దిగింది.

ఖర్చు: లెవెల్ పైపు 360, స్టీలు స్కేళ్లు 120, నీలిమందు, సుద్దముక్కలు 40. ఇప్పటిదాకా రూ. 520.

దశ 2: గడపలు (డిసెంబర్ 2024 – జనవరి 2025)

అదే పైపుతో 41 గడపల ఎత్తు తీసి, గేటు పక్కన పెయింటుతో అంకె రాశాం. అన్నిటికంటే పల్లపు గడప 452, అన్నిటికంటే ఎత్తైనది 538. నా షాపు 467.

ఇక్కడ గొడవలయ్యాయి. మెరకలో కట్టుకున్నామని ఇరవై ఏళ్లుగా అనుకుంటున్న ఒకాయన గడప 459 అని తేలింది. ఆయన మూడు రోజులు మాతో మాట్లాడలేదు. ఆయన కట్టుకున్నప్పుడు అది మెరకే. తర్వాత సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేశారు, వేసిన ప్రతిసారీ ఇల్లు అంత దిగినట్టే లెక్క. ఇంకో ఇంటివాళ్లు అంకె తుడిపేశారు, ఇల్లు అద్దెకు పోదని. వాళ్ల అంకె మా పుస్తకంలో ఉంది, గేటు మీద లేదు. అడక్కుండా గేటు మీద రాయడం మాదే తప్పు.

దశ 3: కాలువలో స్కేలు (ఫిబ్రవరి – ఏప్రిల్ 2025)

గడప అంకె, బుడమేరు కాలువ అంకె ఒకే మేకు నుంచి రావాలి. అప్పుడు స్కేలు 455 చూపిస్తే, 467 గడప ఉన్నవాడికి ఇంకా 12 సెంటీమీటర్లు ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ప్రాజెక్టులో కొత్తది అంటూ ఉంటే ఇదొక్కటే.

మొదట వంతెన గోడ మీద ఎనామిల్ పెయింటుతో అంకెలు రాశాం. ఆరు వారాల్లో మురుగు జిడ్డు పట్టి నల్లటి పట్టీలా తయారైంది. రుద్దితే జిడ్డుతో పాటు పెయింటూ ఊడింది. పెయింటు మార్చి మళ్లీ వేశాం, మళ్లీ అంతే.

అప్పుడు పిన్ని అంది, "బాత్రూం టైల్స్ అయితే పీచుతో రుద్దితే చాలు కదరా." రెండు నెలలు నేను చదివిన దానికంటే ఆ ఒక్క మాట ఎక్కువ పనిచేసింది. టైల్స్ షాపులో విరిగిన ముక్కలు ఉచితంగా ఇచ్చారు. చేసిన పద్ధతి:

1. 10 సెంటీమీటర్ల ఎత్తు ముక్కలు, ఒకటి తెలుపు, ఒకటి నలుపు. 240 నుంచి 500 దాకా 26 ముక్కలు.
2. గోడని వైరు బ్రష్షుతో గీకి, ఆరనిచ్చి, ఎపాక్సీ జిగురుతో అతికించాలి. సిమెంటుతో అతికించిన మొదటి తొమ్మిదీ పదిహేను రోజుల్లో రాలిపోయాయి.
3. ప్రతి ఐదో ముక్కకి మేకు నుంచి పైపుతో మళ్లీ సరిచూడాలి. అతికించేటప్పుడు సందులు పోగై మాకు 18వ ముక్క దగ్గరికి 2 సెంటీమీటర్లు తప్పింది. పైనున్న ఎనిమిదీ పీకి మళ్లీ పెట్టాం.
4. అంకె టైలు పై అంచుదా, కింది అంచుదా? ముందే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు, మొదటి నెల కొలతల్లో సగం 10 సెంటీమీటర్లు అటూ ఇటూ. ఇప్పుడు కింది అంచే అని ప్రతి అంకె పక్కన బాణం గుర్తు ఉంది.

వంతెన గోడకి అతికించడానికి సంబంధిత ఆఫీసులో అర్జీ ఇచ్చాం. ముప్పై ఏడో రోజున నోటిమాటగా "కానివ్వండి" అన్నారు. కాగితం రాలేదు.

ఖర్చు: ఎపాక్సీ 680, పెయింటు 150, బ్రష్షు 40. ఈ దశకి 870. ఇప్పటిదాకా రూ. 1,390.

దశ 4: సెన్సర్ (మే – జూన్ 2025)

ఇది నా సరదా. ఒప్పుకుంటున్నాను. శబ్దం పంపి, అది నీళ్లకు తగిలి తిరిగొచ్చే సమయంతో దూరం లెక్కకట్టే వాటర్‌ప్రూఫ్ సెన్సర్, ప్రోగ్రాం రాసుకునే ఒక చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డు, సోలార్ ప్యానెల్. సెన్సర్‌ని వంతెన కడ్డీకి, మా లెక్కలో 560 ఎత్తులో బిగించాను. ఆ రోజుల్లో నీళ్లు 260 దగ్గర, అంటే సెన్సర్‌కి సరిగ్గా 3 మీటర్ల కింద.

ఉదయం ఐదింటికి 264 చూపించింది. మధ్యాహ్నం రెండింటికి 272. చుక్క వాన లేదు. టైల్స్ రెండు పూటలా 260 అనే అంటున్నాయి. రోహిణి కార్తె ఎండలో బుడమేరు ఎనిమిది సెంటీమీటర్లు పొంగిందన్నమాట!

తప్పు ప్రోగ్రాంలో ఉంది. శబ్దం సెకనుకు 343 మీటర్లు వెళ్తుందని రాశాను. అది 20 డిగ్రీల దగ్గర మాట. 42 డిగ్రీల దగ్గర దాదాపు 357. శబ్దం తొందరగా తిరిగొస్తే సెన్సర్ నీళ్లు దగ్గరికొచ్చాయనుకుంటుంది. 3 మీటర్లకి 11 సెంటీమీటర్ల పైగా తప్పు. తెల్లవారుజామున 27 డిగ్రీలకి కూడా 4 సెంటీమీటర్లు.

ఉష్ణోగ్రత కొలిచే ముక్క కొని డబ్బాలో పెట్టాను. ఇప్పుడు మధ్యాహ్నం 252 చూపించింది. ఎండలో పీవీసీ డబ్బా లోపల 58 డిగ్రీలు, కాలువ మీద గాలి 42. డబ్బా వేడిని గాలి వేడి అనుకుని మరీ ఎక్కువ సవరించింది. ఆ ముక్కని వైరుతో వంతెన అడుగున నీడలోకి దింపాక తప్పు 2 సెంటీమీటర్లలోపుకి వచ్చింది.

అది సరయ్యాక మిగతావి ఒక్కొక్కటే వరుస కట్టాయి. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి కింద ఆగితే నీళ్లు కాక ఆకుల ఎత్తు చూపించింది. శబ్దం సన్నటి గీతలా కాకుండా గరాటులా విచ్చుకుని వెళ్తుంది కాబట్టి పక్కనున్న పైపుని కూడా పట్టుకుంది, సెన్సర్‌ని అడుగున్నర జరపాల్సి వచ్చింది. సాలీడు గూడు కట్టిన రోజు బుడమేరు 535. జూన్ చివర్లో ప్యానెల్‌ని ఎవరో విప్పుకుపోయారు. స్క్రూలు మాత్రం వదిలేశారు, పుణ్యాత్ములు.

సెన్సర్ వద్దని అనను. రాత్రి పూట ఎవరూ లేనప్పుడు పనికొచ్చింది. కానీ 2024లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. ఆ రోజు ఇది బతికున్నా కబురు చెప్పడానికి దారి లేదు. టైల్స్‌కి చార్జింగ్ అక్కర్లేదు. చేతిలో డబ్బులు తక్కువుంటే ఈ దశ వదిలేయండి.

ఖర్చు: బోర్డు 480, సెన్సర్ 390, ఉష్ణోగ్రత ముక్క 120, బ్యాటరీలు, చార్జింగ్ బోర్డు 520, డబ్బా 210, పోయిన ప్యానెల్ 650. ఈ దశకి 2,370. ఇప్పటిదాకా రూ. 3,760.

దశ 5: వాన డబ్బా, మేనత్త ఫోన్ (జూలై – ఆగస్టు 2025)

వాన కొలత తేలిక. 16 సెంటీమీటర్ల గరాటు నోటి వైశాల్యం 201 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి మిల్లీమీటరు వానకి 20.1 మిల్లీలీటర్లు. వాతావరణ శాఖ లాగే ఉదయం 8.30కి చూస్తాం. రెండు లీటర్ల సీసా పెట్టడం తప్పు, 99 మిల్లీమీటర్లకే నిండిపోతుంది. వాతావరణ శాఖ అతి భారీ వర్షం అనేది 115.6 నుంచి మొదలు. అసలు కొలవాల్సిన రోజే సీసా పొర్లుతుంది. ఐదు లీటర్ల డబ్బాకి మార్చాం.

అయితే డాబా మీద వాన కథలో సగమే. 2024లో వాన తెరిపిచ్చాక కూడా మా వీధిలో నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. అవి పైనుంచి వచ్చిన నీళ్లు. మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరుకి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది. అక్కడ వరదని మళ్లింపు కాలువలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం వైపు, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ మళ్లింపు కాలువ గట్టుకి మూడు గండ్లు పడ్డాయి. ఆ సమయంలోనే కృష్ణ పొంగి, సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. నది నిండుగా ఉంటే కాలువ నీళ్లని తీసుకోదు. మళ్లించాల్సిన నీళ్లు పాత దారి పట్టుకుని ఊళ్లోకి వచ్చాయి.

అందుకే వెలగలేరు ఎగువన ఉండే మా మేనత్త వాళ్ల ఊరి చప్టా మీద కూడా ఒక స్కేలు గీశాం. అక్కడ పెరిగిన ఎన్ని గంటలకు ఇక్కడ పెరుగుతుందో లెక్కకట్టాలని. ఆగస్టు చివరిదాకా అక్కడ మూడుసార్లు అర మీటరుకు పైగా పెరిగింది. మా టైల్స్ మీద ఒక్కసారీ దానికి తగ్గ పెరుగుదల లేదు. మొదట అత్త కొలతల్ని అనుమానించాను, ఆవిడకి కోపం వచ్చింది. న్యాయమే. రెగ్యులేటర్ తన పని తాను చేసి నీళ్లని మళ్లిస్తున్నంత కాలం అక్కడి పెరుగుదల ఇక్కడికి రాదు. మా పుస్తకంలో "ఎన్ని గంటలు" అనే గడి ఇంకా ఖాళీ. అది నిండే రోజు రాకూడదనే కోరుకుంటున్నాం. ప్రస్తుతానికి అత్త ఫోన్ చేస్తే మేం చూసేది రెండు: వెలగలేరు గేట్లు ఎత్తుతున్నారా, బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక, అంటే 3.97 లక్షల క్యూసెక్కులు, దాటిందా.

ఇదే నెలలో ఇంకో దెబ్బ. ఒక సాయంత్రం గంటన్నరలో డబ్బాలో 71 మిల్లీమీటర్లు. కాలువ స్కేలు 431. మా లెక్క ప్రకారం 452 గడపకి ఇంకా 21 సెంటీమీటర్లు ఉండాలి. ఆ ఇంట్లో అప్పటికే చెప్పులు తేలుతున్నాయి. డ్రైన్లు అంత వేగంగా దింపుకోలేక వాన నీళ్లు వీధిలోనే నిలిచాయి. కాలువ ఒక గిన్నె, వీధి ఇంకో గిన్నె అన్నమాట. రెండూ కలిసేదాకా రెండింటికీ వేర్వేరు స్కేళ్లు ఉండాలి. రామాలయం ప్రహరీ మీద 440 నుంచి 660 దాకా రెండో స్కేలు పెట్టాం. కరెంటు స్తంభం మీద గీద్దామని ఎవరో అన్నారు. వద్దన్నాం, వరదలో స్తంభం దగ్గరికి ఎవరినీ పంపకూడదు.

ఖర్చు: గరాటు 60, డబ్బా 40, కొలత గ్లాసు 180. రెండో స్కేలు మిగిలిన టైల్స్, ఎపాక్సీతోనే అయిపోయింది. ఇప్పటిదాకా రూ. 4,040.

దశ 6: మనుషులు (సెప్టెంబర్ – అక్టోబర్ 2025)

సెప్టెంబర్ దాకా పోగైన 214 కొలతల్లో 131కి చివరి అంకె సున్నా లేక ఐదు అని అమ్మాయి లెక్కతీసింది. నీళ్లకు అలాంటి ఇష్టాలేం ఉండవు, చూసేవాళ్లు దగ్గరి అంకెకి సర్దేస్తున్నారు. ఎవరినీ తప్పుపట్టకుండా, చదవడం మానేసి ఫోటో పెట్టమన్నాం. ఫోటోల్లో వేరే గొడవ: వంతెన మీద నుంచి వంగి తీస్తే 3, 4 సెంటీమీటర్ల తేడా వస్తుంది. నిలబడే చోట పసుపు రంగు పాదాలు గీశాం.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అది మాకు మొదటి పరీక్ష. కరెంటు పోయింది, నెట్ పోయింది. ముగ్గురు వంతులేసుకుని టార్చితో ఫోటోలు తీశారు. ఫ్లాష్‌తో తీసినవన్నీ టైల్స్ మెరుపుకి తెల్లగా పోయాయి. టార్చిని పక్క నుంచి ఏటవాలుగా కొట్టినవి బాగా వచ్చాయి. తెల్లారాక నెట్ వచ్చింది, పదకొండు ఫోటోలూ ఒక్కసారిగా గ్రూపులో పడ్డాయి. ఏది ఎన్ని గంటలకు తీసిందో తెలీదు! వాట్సాప్‌లో పంపితే ఫోటో తీసిన సమయం చెరిగిపోతుంది. ముగ్గురి ఫోన్లూ తెప్పించి గ్యాలరీలో వెతికి వరుస పెట్టాం. సాయంత్రం 6కి 268, మర్నాడు ఉదయం 10కి 349, ఆ తర్వాత తగ్గుముఖం. ఎవరి గడపా తడవలేదు.

ఇప్పుడున్న నియమాలు:

1. ప్రతి ఫోటోలో పలక కనపడాలి. పలక మీద సుద్దతో టైము.
2. స్కేలు 440 దాటితే కాలువ దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. రామాలయం స్కేలు మాత్రమే, అదీ ఎదురింటి మేడ మీద నుంచి.
3. రాత్రి ఇద్దరు కలిసే వెళ్లాలి. పిల్లలు పగలే.
4. అంకె మాత్రమే పంపాలి. "తగ్గిపోతుంది", "గండి పడిందట" లాంటివి ఆ గ్రూపులో వద్దు. ఈ నియమం ఇప్పటికి తొమ్మిదిసార్లు తప్పింది, అందులో రెండుసార్లు నేనే.

ఖర్చు: పలక 50, టార్చి 350. మొత్తం రూ. 4,440.

దశ 7: మేకు (ప్రస్తుతం)

కల్వర్టు పిట్టగోడకి కొత్తగా సిమెంటు పూత వేశారు. మేకు లోపల ఉంది, ఎక్కడుందో కనపడదు. ఇలాంటిది జరుగుతుందని బాబాయి మొదటి రోజే రెండు సాక్షి మేకులు కొట్టించాడు, ఒకటి రామాలయం మెట్టు పక్కన, 523.4, ఇంకొకటి నా షాపు గుమ్మానికి, 488.0. నేను అప్పుడు అనవసరం అన్నాను. ఆ రెండింటి నుంచి కొత్త మేకుకి 500 దింపాలి. రెండు దారుల్లోనూ సెంటీమీటరులోపు కలిస్తేనే ఒప్పుకుంటాం.

వీధి రోడ్డు కూడా మళ్లీ వేస్తారంటున్నారు. గడపల అంకెలు మారవు. కానీ నీళ్లు నిలిచే చోటు మారుతుంది, 459 ఆయన గుమ్మం ముందు రోడ్డు ఎత్తు మళ్లీ తీయాలి. ఆయనే వచ్చి అడిగాడు.

లెవెల్ పైపు ఏడాది ఎండకి గట్టిపడి, ఒక కొస చిట్లింది. కొత్తది 20 మీటర్లు తేవాలి. ఆదివారం ఉదయం ఆరింటికి షాపు దగ్గర.